రెండో గీత

సాలూరు,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కా,

నీకూ బావకీ నమస్కారాలు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నాన్న ఇంకా చేపల వేట నుంచి వచ్చిన తడి బట్టలతోనే అన్నానికి కూర్చుంటున్నాడా? బుజ్జి నన్ను మరిచిపోలేదు కదా? అందరి సంగతీ అడిగాక గానీ సొంత సంగతి మొదలుపెట్టకూడదని కాన్వెంటులో సిస్టర్ నేర్పింది. అందుకని అడిగాను. నిజంగా తెలుసుకోవాలని కూడా అడిగాను.

నేను బాగానే ఉన్నాను. మొన్న ఫోనులో నువ్వు "ఏటే, ఊఁ ఊఁ అంటావు తప్ప నీకు మాట రాదేటి?" అని కోప్పడ్డావు. నా గదికీ ఇంటివాళ్ల గదికీ మధ్య గోడ కప్పు దాకా లేదక్కా. తల ఎత్తు దాటాక ఖాళీయే. ఏం మాట్లాడినా అవతల వినిపిస్తుంది. నేను చెప్పాలనుకున్నది వాళ్ల గురించే. రాస్తే చప్పుడుండదు కదా, అందుకే ఉత్తరం. పొడుగైంది, ఓపిక చేసుకుని చదువు. అమ్మకి చదివి వినిపించేటప్పుడు కప్పుల సంగతి వదిలెయ్యి.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మన కళింగపట్నంలో వాన సముద్రం మీద కనిపిస్తూ వస్తుంది, ఎండబెట్టిన చేపలు ఎత్తుకునే వ్యవధి ఇస్తుంది. ఇక్కడ కొండల వెనక నుంచి చెప్పకుండా వచ్చి మీద పడుతుంది. నా బట్టలు ఆరక వాసన వేస్తున్నాయి. వచ్చిన కొత్తలో ఏదో తక్కువైనట్టు ఉండేది, ఏమిటో తెలిసేది కాదు. గాలిలో ఉప్పు లేదని చాలా రోజులకి తెలిసింది. ఊరంతా లారీలే. డీజిలు, గ్రీజు, కొత్త పెయింటు వాసన. లారీల వెనక నెమళ్లూ తామరపువ్వులూ వేసే షెడ్డు ముందు నుంచి రోజూ ఆఫీసుకి నడిచి వెళ్తాను. అక్కడ ఒక నిమిషం ఆగుతాను. రోజు మొత్తంలో నాకు నచ్చే పని అదొక్కటే.

నా ఉద్యోగం ఏమిటో నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. మాది ట్యాంకర్ల కంపెనీ. రెండు గదుల ఆఫీసు, వెనక యార్డు. మా ట్యాంకర్లు విశాఖ వైపు ఫ్యాక్టరీల్లో ఆసిడ్ నింపుకుని ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశా మీదుగా పోతాయి. సరుకు ఎవరిదో వాళ్లని ఇక్కడ పార్టీ అంటారు. మా బళ్లన్నీ ఒకే పార్టీకి తిరుగుతాయి కాబట్టి ఆ పార్టీ చెప్పిందే మాకు చట్టం. ఎచ్చెర్లలో కెమిస్ట్రీ చదివాను కదా అని నన్ను సేఫ్టీ అసిస్టెంటుగా పెట్టుకున్నారు. బండెక్కే ముందు ప్రతి డ్రైవరు చేతా గొట్టంలో ఊదించాలి. తాగి ఉంటే అంకె కనిపిస్తుంది. నేను తల దించుకుని గొట్టం పట్టుకుంటాను, వాళ్లు తల తిప్పుకుని ఊదుతారు. మొదట్లో ఇద్దరికీ సిగ్గే.

గౌరినాయుడని ఒక డ్రైవరున్నాడు. పెద్దవాడు. సాయంత్రమైతే సారా కొట్టు దగ్గరే ఉంటాడు. పొద్దుటికి అంకె సున్నా. "సూడమ్మా, నా ఊపిరి ఎంత సల్లగున్నాదో, పసిపిల్లడి ఊపిరి" అని నవ్వుతాడు. సున్నా వచ్చాక నేను అడగడానికేమీ ఉండదు.

ఇంటివాళ్ల గురించి. ఇంటాయన పేరు పైడిరాజు. మా ట్యాంకరు డ్రైవరే. ఆయన భార్య నరసమ్మ. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లని మావా, అత్తా అని పిలుస్తాను. మొదటి రోజు నేను వరండాలో పెట్టె పట్టుకుని నిలబడిపోతే, "ఓలమ్మ, అలగ నిలబడిపోనావేటి, కాళ్లు కడుక్కోని రా, అన్నం సల్లారిపోతన్నాది" అని నరసమ్మత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. అంతే. ఇంకేమీ అడగలేదు.

పైడిరాజు మావ ఇంతకుముందు ఓనర్ల దగ్గర లోడు లారీలు తోలేవాడు. ఇల్లు వదిలితే నెల దాటేదట. ఒకసారి ఇంటికొస్తే చిన్నపిల్ల ఎవరో అనుకుని మంచం కింద దూరిందట. ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు, కానీ చెప్పేటప్పుడు నరసమ్మత్త ఆయన వైపు చూడదు. ట్యాంకరు ఉద్యోగం వస్తే మూడు నాలుగు రోజులకోసారి ఇంట్లో పడుకుంటాడు. అది రావాలని ఆమె త్రినాథ స్వామికి మొక్కుకుంది. వచ్చింది. మొక్కు తీర్చాలి కదా.

మన ఇంట్లో ఈ త్రినాథ మేళా చెయ్యరు గానీ ఇక్కడ వీధికి నాలుగిళ్లలో చేస్తారు. ఆదివారం సాయంత్రం మూడు దీపాలు పెట్టి, మూడు చోట్ల ఆకూ వక్కా పెట్టి, మూడు మట్టి చిలుముల్లో గంజాయి పెడతారు. ఆ మాట రాయడానికి నా చెయ్యి ఆగింది. కానీ ఆ పూజలో అది కొబ్బరికాయ లాంటిది, అది లేకపోతే మేళా కాదు. కథ చదివాక అది ప్రసాదం. ప్రసాదం మిగలకూడదు.

"హేమా, నీకు సదువొచ్చు కదా, కత నువ్వు సదువు. మీ మావ సదివితే లారీ రివర్సు తీసినట్టుంటాది" అంది నరసమ్మత్త.

"ఎహె, నాను సదివితే దేవుడికి బేగి అర్దమవుతాది" అన్నాడు మావ.

నేనే చదివాను. కాన్వెంటులో ప్రార్థన పుస్తకం చదివినట్టు ఎక్కడా తడబడకుండా చదివాను. తల ఎత్తకుండా చదవొచ్చు కాబట్టి భయం వెయ్యలేదు. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. సాలూరు వచ్చాక నా గొంతు నాకు వినిపించింది ఆ సాయంత్రమే. తరవాత మగవాళ్లు చిలుములు చేతులు మార్చుకున్నారు. మావకి బీడీ కూడా అలవాటు లేదు. మొక్కు ఆయనది కాబట్టి ముందు ఆయనే పీల్చాలి. పీల్చి, కళ్లల్లో నీళ్లొచ్చేలా దగ్గాడు.

"ఒరే పైడిరాజూ, బండి స్టార్టవలేదురా, ఇంకోపాలి సెల్ఫు కొట్టు" అన్నాడు గౌరినాయుడు. పిల్లలతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గౌరినాయుడు మాత్రం చిలుం ముట్టుకోలేదు. తన మత్తు తనకుంది, దేవుడి వాటాలో చెయ్యి పెట్టనన్నాడు.

ఆ గురువారం పార్టీ సేఫ్టీ ఆఫీసరు కారులో వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్థుడు. నన్ను మేడం అన్నాడు. కారులోంచి అట్టపెట్టెలు దింపించాడు. ఇకమీదట ఊదడం ఒక్కటే చాలదట, మూత్రం కూడా చూడాలట. ఇప్పుడే, ఇక్కడే. యార్డులో ఉన్నవాళ్లందరికీ తలా ఒక ప్లాస్టిక్ కప్పు ఇమ్మన్నాడు.

అక్కా, నా అవస్థ నువ్వే ఊహించుకో. స్నానాలగదికి గుడ్డ కట్టించి బయట బల్ల వేసుకుని కూర్చున్నాను. వాళ్లు వెచ్చని కప్పులు తెచ్చి నా ముందు పెడుతుంటే నేను కప్పుల మీద పేర్లు రాస్తూ కప్పులనే చూస్తున్నాను. కప్పులో ఒక చీటీ ముంచాలి. పైన ఒక గీత వస్తే చీటీ పనిచేస్తోందని. కింద రెండో గీత కూడా వస్తే మనిషి మంచివాడని. రెండోది రాకపోతే దోషం.

"మా ఆడదానికి కడుపు చీటీలో రెండు గీతలొచ్చినాయి, కొడుకు పుట్టినాడు. ఇప్పుడు నాకు రెండొస్తే ఏటవుతాదో" అన్నాడు గౌరినాయుడు. రెండూ ఎర్రగా వచ్చాయి. "అయితే నీకూ కొడుకేరా" అన్నారు ఎవరో.

పైడిరాజు మావ చీటీలో రెండో గీత రాలేదు. ఆఫీసరు చెప్పిన సమయం అయ్యేదాకా చూశాను. అయిపోయాక కూడా చూశాను. మావ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"వచ్చినాది కదమ్మా గీత, అదిగో."

"ఒకటే వచ్చింది మావా."

"మరి ఒకటొచ్చినాది కదా. మంచిదే కదేటి?"

 ఆఫీసరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మావకి అర్థమై, చేతులు కట్టుకుని, దాచకుండా చెప్పేశాడు. "ఆదివారం మేళా సేసినాం సార్. దేవుడి పెసాదం. మొక్కు నాదే, ముట్టుకోకుండా ఉంటే తప్పు. అప్పటి నుంచి బండెక్కనేదు సార్, బండి సర్వీసింగులో ఉన్నాది, కావలిస్తే అడగండి."

"అంటే తీసుకున్నానని ఒప్పుకుంటున్నట్టే కదండీ" అన్నాడు ఆఫీసరు. కోపంగా కాదు. బాధగానే అన్నాడు.

గేటు పాసు అక్కడే తీసేసుకున్నారు. పేరు పార్టీ దగ్గరున్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలన్నిటికీ వెళ్లింది. ఆ ఫ్యాక్టరీల గేటు దగ్గరికి ఆయన ఇక ఏ బండితోనూ పోలేడు. మేనేజరు గారిని అడిగితే, "పోలీసుల దాకా పోనివ్వనేదు, సంతోషించమను" అన్నారు. అదీ నిజమే. అందువల్లే ఎవరూ గట్టిగా మాట్లాడలేరు.

సాయంత్రం గౌరినాయుడు గేటు దగ్గర నన్ను ఆపాడు. నవ్వడం లేదు. "దేవుడికి కూడా తెలివి నేదమ్మా. మూడు దొన్నెల సారా అడిగుంటే మా పైడిరాజు బతికిపోయీవోడు."

అట్టపెట్టెలో ఉన్న చిన్న అక్షరాల కాగితం తరవాత చదివాను. గంజాయి మత్తు గంటల్లో దిగిపోతుంది. దాని జాడ మాత్రం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, రోజూ అలవాటున్న వాళ్లలో వారాల తరబడి. చీటీకి తెలిసేది ఆ జాడే. మనిషి ఇప్పుడు మత్తులో ఉన్నాడో లేదో దానికి తెలియదు. ఊదే గొట్టం ఇప్పటి సంగతి అడుగుతుంది, ఈ చీటీ మొన్నటి సంగతి అడుగుతుంది. అక్కా, నన్ను తప్పుగా అనుకోకు. ఆసిడ్ బండి ఘాట్ ఎక్కుతుంటే మత్తులో ఉన్నవాడి చేతిలో స్టీరింగు ఉండాలని నేనెందుకంటాను? ఆ గురువారం మావ మత్తులో లేడు. అంతే నేను అనేది.

నేను నోటితో చెప్పలేను కదా. రాశాను. ఇంగ్లీషులో, పార్టీకి. ముందు మేళా అంటే ఏమిటో రాశాను, వాళ్లు దూరం వాళ్లు, తెలియదు కాబట్టి. ఏ రోజు చేస్తారు, ఏం పెడతారు, ఎవరు ముట్టుకోవాలి, ఎందుకు కాదనకూడదు, అన్నీ. తరవాత అడగవలసింది అడిగాను. కొత్త పరీక్ష పెట్టేముందు డ్రైవర్లకి చెప్పండి అని. చీటీ ఒక్కదాన్నే నమ్మకుండా బండెక్కే ముందు మనిషిని చూడండి, కళ్లు, నడక, మాట, చేతి చురుకు చూడండి అని. మొదటిసారి దొరికినవాణ్ని తీసెయ్యకుండా కొన్నాళ్లు యార్డు పనిలో ఉంచి, మళ్లీ పరీక్షించి, రెండు గీతలొస్తే బండి ఇవ్వండి అని. రాసింది తెలుగులో మావకీ అత్తకీ చదివి వినిపించాను. మేళా కథ విన్నట్టే విన్నారు. మావ "యార్డులో బళ్లు కడగమన్నా కడుగుతానని కూడా రాయమ్మా" అన్నాడు. అదీ రాశాను.

మేనేజరు గారు చదివి చాలా మెచ్చుకున్నారు. "కాన్వెంటు ఇంగ్లీసంటే ఇదమ్మా! ఆ మొదటి పేరా ఉన్నాది సూడు, అద్దంలో సూపించినట్టు రాసినావు. పంపిస్తాను. కానీ రూలు మనది కాదు, పార్టీది. ఆశలు పెట్టుకోకు."

ఆఫీసరు మళ్లీ వచ్చినప్పుడు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. ఆయన ఫైలులో నా కాగితం ఉంది, కింద గీతలు గీసి ఉన్నాయి. "చెప్పండి మేడం" అన్నాడు. ముందురోజంతా గదిలో మనసులో చెప్పుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆ రోజు ఆయన మత్తులో లేడు సార్" అన్నాను. ఒక్కటే వాక్యం. ఆయన తలూపాడు. "మీరు చెప్పేది కరెక్టే మేడం. నాకూ తెలుసు. కానీ రూలు నేను పెట్టింది కాదు. పై ఆఫీసుకి పంపిస్తాను" అన్నాడు. కప్పులు కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారని అడిగి, టీ తాగి వెళ్లిపోయాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. మేనేజరు గారు మంచివారు. ఆఫీసరూ మంచివాడే. పై ఆఫీసులో ఉన్నవాళ్లూ మంచివాళ్లే అయ్యుంటారు.

కిందటి సోమవారం జవాబు వచ్చింది. డ్రైవర్ల సూచనల మేరకు విధానం సవరించామని పైన రాసుంది. అది చూసి నా గుండె ఎగిరింది. నిలబడే చదివాను. ముందుగా చెప్పాలన్నది ఒప్పుకున్నారు. ఎలాగంటే, ఇకమీదట ప్రతి డ్రైవరూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. తన ఇంట్లో త్రినాథ మేళా చెయ్యనని, చేసే చోటికి వెళ్లనని, ఆ ప్రసాదం ముట్టనని. మేళా అంటే ఏమిటో కింద వివరణ ఇచ్చారు. ఆదివారం, మూడు దీపాలు, మూడు చిలుములు. చదువుతుంటే ఎక్కడో విన్న వాక్యాల్లా ఉన్నాయి. నావే. కామా కూడా మార్చలేదు. వాళ్లకి అర్థం కావాలని రాశాను. వాళ్లకి బాగానే అర్థమైంది.

చీటీ అలాగే ఉంది. ఒక్కసారి గీత రాకపోతే తీసెయ్యడం అలాగే ఉంది. పాత కేసులకి సవరణ వర్తించదని చివర్లో ఒక లైను. పాత కేసు అంటే మా పైడిరాజు మావ.

సంతకాలు తీసుకోవలసింది నేనే. బల్ల దగ్గర వరసగా నిలబడ్డారు. ఇంగ్లీషు కాగితం కాబట్టి ఒక్కొక్కళ్లకీ తెలుగులో చెప్పాను.

"అయితే నాను ముట్టుకోకుండా మూల కూకుంటే?" అని ఒకాయన అడిగాడు.

"వెళ్లినా తప్పేనట."

"పక్కింట్లో ఎట్టుకుంటేనో?"

"పొగ గోడ దూకి వచ్చినాదనుకో, సంతకం ఎవుడెట్టాలమ్మా? నానా, పొగా?" అన్నాడు గౌరినాయుడు. అందరూ నవ్వారు, నవ్వుతూనే పెట్టారు. గౌరినాయుడు కలం పట్టుకుని కాసేపు ఆగాడు. "ఈళ్లకి సారా కొట్టు కనపడదు, దేవుడు మాత్రం ఎంత దూరాన ఉన్నా కనపడిపోతాడు" అని పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాశాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది మొదట నేను రాసిన మాటేనని వాళ్లకి తెలుసో లేదో నాకు తెలియదు.

అందరూ వెళ్లాక మేనేజరు గారు ఇంకో కాగితం నా వైపు జరిపారు. ఆఫీసు స్టాఫు కూడా పెట్టాలట. "నువ్వుంటున్నది ఆళ్లింట్లోనే కదమ్మా. రూము మార్చుకో, మంచిది. తొందరేటి నేదు, వచ్చే సోమవారానికి ఇయ్యి" అన్నారు.

ఆ కాగితం నా పెట్టెలో ఉంది. రేపే సోమవారం.

అక్కా, నన్ను ఏం చెయ్యమంటావు? ఉద్యోగం వదిలి వచ్చెయ్యమని నువ్వంటావు, నాకు తెలుసు. బావ పడవ బాగయ్యేదాకా మన ఇంట్లో నెల నెలా వచ్చే జీతం ఇదొక్కటే కదా. నేను వచ్చేస్తే నా కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. వాళ్లు తెలుగులో చెప్పకుండానే సంతకాలు తీసుకుంటారు. ఇది సాకో నిజమో నాకే తెలియడం లేదు.

మావ రోజూ పొద్దున్నే లేచి, షేవింగ్ చేసుకుని, చొక్కా వేసుకుని వరండాలో కూర్చుంటాడు. ఒడిశా లారీల ఓనరు ఒకాయన రమ్మన్నాడట. వెళ్తే మళ్లీ నెల దాటుతుంది. "ట్యాంకరుకి పిలుస్తారేమో, ఇంకొన్నాళ్లు సూద్దాం" అంటాడు. నేను ఆఫీసు నుంచి రాగానే నా ముఖం చూస్తాడు. అడగడు. అందుకని వచ్చేటప్పుడు ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియక వీధి చివర కాసేపు నిలబడతాను.

ఇవాళ ఆదివారం. నరసమ్మత్త మళ్లీ మేళా పెడుతోంది. ఆయన్ని తిరిగి పనిలోకి తీసుకోవాలని ఈసారి మొక్కు. పొద్దున గుమ్మం కడుగుతూ చెప్పింది. ఆమెకి తెలిసిన దారి అదొక్కటే. నేను కాదనలేకపోయాను, అవుననలేకపోయాను.

"చిలుములు ఉత్తినే ఎడతానమ్మా" అంది. "ఆయనకి పని రావాలని మేళా ఎడతన్నాను. పని పోకూడదని చిలుములు కాళీగా ఎడతన్నాను. రేపు పిలిచి మళ్లీ కప్పు ఇచ్చినారనుకో, రెండో గీత రావాలి కదా. మరి దేవుడు ఏటనుకుంటాడో, నాకైతే తెల్దు."

నేను పెట్టెలోంచి పుస్తకాలు తీసి సర్దుతున్నట్టు నటించాను.

"నువ్వు రావొద్దులే" అంది మళ్లీ తనే. "కాయితం సంగతి మీ మావ సెప్పినాడు. నీ బతుకు కూడా పాడు సేసుకోకు, సదువుకున్న గుంటవు. కత నాకు కొంత వస్తాది. వచ్చినంత సెప్పుకుంటాను."

ఎవరెవరు వస్తారని అడిగాను. ఎవరొస్తారే, అంది. నిజమే, సంతకాలన్నీ నా బల్ల మీదే పెట్టారు.

దీపాల వేళవుతోంది. మిగతాది తరవాత రాస్తాను.

*

మేళా అయిపోయింది.

వాన ఆగింది. నేను గది తలుపు వేసుకుని మంచం మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. గౌరినాయుడు మాత్రం వీధి అరుగు దాకా వచ్చాడు. కిటికీలోంచి చూశాను. టవల్లోంచి కొబ్బరికాయ తీసి, అరుగు మీద పెట్టి, లోపలికి తలైనా తిప్పకుండా, దొంగతనం చేసినవాడిలా గబగబా వెళ్లిపోయాడు.

అవతల దీపాల వెలుగు గోడ మీదుగా నా గది పైకప్పు మీద కదిలింది. నరసమ్మత్త కథ మొదలుపెట్టింది. కొంత ముందుది వెనక, వెనకది ముందు. పిల్లలు ఊఁ కొడుతున్నారు. ఒకచోట ఆగిపోయింది.

"తరవాత ఏటయ్యా?" అంది.

"నాకేటి తెల్సు. ఆ రోజు నాను దగ్గుతన్నాను కదా" అన్నాడు మావ. పెద్దపిల్ల కిసుక్కున నవ్వింది. తరవాత ఎవరూ నవ్వలేదు. కథ మధ్యలో ఆపకూడదట. ఆపితే మేళా చెల్లదట.  నరసమ్మత్త గాజుల చప్పుడు వినిపించింది, కళ్లు తుడుచుకుంటోందనుకుంటాను.

నాకు ఆ తరవాతి వాక్యం తెలుసు. చదివింది ఒక్కసారే అయినా తెలుసు. గోడ వైపు తిరగకుండా, గట్టిగా కాకుండా, దాన్ని చెప్పాను.

 తరవాత నరసమ్మత్త తనకే గుర్తొచ్చినట్టు ఆ వాక్యాన్ని అందుకుంది. కాసేపటికి మళ్లీ ఆగింది. నేను మళ్లీ చెప్పాను. మూడోసారి ఆగినప్పుడు మరిచిపోయి కాదు, నా కోసమే ఆగిందని తెలిసింది. అలా చివరిదాకా వెళ్లాం. నేను నా గదిలోనే ఉన్నానక్కా. నా మంచం మీదే ఉన్నాను. దీన్ని వెళ్లడం అంటారో లేదో కాగితంలో రాయలేదు, ఎందుకంటే అలాంటిది నేను వాళ్లకి రాయలేదు.

హారతి అయ్యాక గోడ మీద ఒక చెయ్యి కనిపించింది. ఆకులో కొబ్బరిముక్క. లేచి అందుకున్నాను.  తిన్నాను. దీని వల్ల ఏ చీటీలోనూ ఏ గీతా పోదు. పోయిన గీత తిరిగి రాదు కూడా.

రేపు సంతకం పెడతాను. ఇంతకన్నా ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నీకు ఏమైనా తోస్తే రాయి. కోప్పడినా సరే, రాయి. గది మాత్రం మారను. మారమని నాతో ఇంకోసారి అంటే అప్పుడు చూద్దాం.

సాలూరు వచ్చే ఎవరి చేతనైనా కాస్త ఎండు నెత్తళ్లు పంపించు. రెండు పొట్లాలుగా కట్టు, ఒకటి నరసమ్మత్తకి. నా నల్ల గొడుగు అటక మీద ఉంటుంది, అదీ పంపు. బుజ్జికి ఆఫీసు నుంచి ఒక ఎర్ర పెన్సిలు తెచ్చాను, ఇందులో పెడుతున్నాను, విరగకుండా చేరితే అదృష్టం. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. నాన్నకి నా దండాలు. మామ్మకి నా తరఫున కాళ్లు నొక్కు.

ప్రతి ఉత్తరంలోనూ మీ అందరి దీవెన నాకు కావాలని రాస్తాను. ఈసారి అది నాకు వద్దు. అమ్మ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, సాలూరులో పైడిరాజు అనే ఒకాయన ఉన్నాడు, ఆయన పిల్ల ఆయన్ని చూసి మళ్లీ మంచం కింద దూరకూడదు అని ఒక్కసారి అనుకోమను.

నీ చెల్లి,
హేమ